మైకు గొంతు

"ఆ ఫోన్లో మాట్లాడింది మా నాన్న కాదు."

పెద్దాయన కూతురు ఈ మాట అనడం పొద్దుట్నుంచి ఇది మూడోసారి. మొదటిసారి ఇన్‌స్పెక్టర్ తలూపి ఊరుకున్నాడు. రెండోసారి, పాపం తండ్రి పోయిన మనిషి, ఏదో ఒకటి అంటుంది కదా అనుకున్నాడు. మూడోసారికి మాత్రం కాఫీ కప్పు కింద పెట్టాడు. ఇందాకటిదాకా ఏడుస్తూ అంది, ఇప్పుడు కళ్ళు తుడుచుకుని అంటోంది.

"దేశమంతా విన్న మాటమ్మా అది. నిన్నంతా టీవీలో అదే వేశారు. మీకొక్కరికే తేడాగా వినిపించిందా?"

"దేశమంతా మా నాన్నని మైకులో విన్నది. నేను ఇంట్లో విన్నాను."

సంగతేమిటంటే, ఈ ప్రాంతం మొత్తానికి పెద్దాయన అంటే ఒక్కడే. మూతపడ్డ మిల్లులు తెరిపించని సర్కారు కేంద్రంలో ఉండటానికి వీల్లేదని, తనని గెలిపిస్తే పార్లమెంటులో తన సభ్యుల మద్దతు వెనక్కి లాగేస్తానని ఊరూరా తిరిగి చెప్పాడు. జనం గంపగుత్తగా ఓట్లు గుద్దేశారు. ప్రాంతీయ సభలో కేంద్రం పార్టీకి ఒక బెంచీ నిండా మనుషులు మిగల్లేదు. ఇక్కడ ఓట్లు లెక్కపెడుతుంటే అక్కడ రాజధానిలో ప్రధాని కుర్చీ కిర్రుమంది. శుక్రవారం పార్లమెంటులో బలపరీక్ష పెట్టారు. ఓటింగుకి కాస్త ముందు, సాయంత్రం నాలుగింటికి, పెద్దాయన గదిలో ఉన్న ఫోన్ నుంచి ఆయన సభ్యులకి కబురెళ్ళింది. 'నా మాటగా చెబుతున్నాను, సర్కారుని పడగొట్టొద్దు. కారణం తర్వాత చెబుతాను.' సభ్యులు నోరెళ్ళబెట్టారు, కానీ మాట జవదాటలేదు. వాళ్ళు ఫోన్లో రికార్డు చేసుకున్న ఆ మాట క్షణాల్లో టీవీలకెక్కింది. సర్కారు బతికిపోయింది. చీకటి పడే వేళకి పెద్దాయన కుర్చీలోనే చనిపోయి కనిపించాడు. చూసినవాడు అల్లుడు.

గుండె ఆగిందన్నారు. జనం మాత్రం అయ్యో అనలేదు. 'అమ్ముడుపోయాడు ముసలాడు' అని దుమ్మెత్తిపోసి ఎవరిళ్ళల్లో వాళ్ళు ఉండిపోయారు. అంత పెద్ద మనిషిని సాగనంపడానికి పట్టుమని పాతికమంది రాలేదు. ఇన్‌స్పెక్టర్ కూడా టీవీ కట్టేసి, భార్య వింటుండగా అదే మాట అన్నాడు. వాళ్ళ నాన్న మిల్లులోనే పనిచేసి, మిల్లు మూతపడ్డాక మనోవ్యాధితో పోయాడు మరి, ఆ కడుపుమంట ఎక్కడికి పోతుంది? ఇప్పుడు ఈవిడ ఎదురుగా కూర్చుంటే ఆ మాట గొంతులో ముల్లులా గుచ్చుకుంటోంది.

"ఆ రోజు పొద్దున గొడవపడ్డారట," అన్నాడు మెల్లగా.

"పడ్డాం." ఆవిడ కొంగు వేలికి చుట్టుకుంది. "మావారికి మంత్రి పదవి ఇవ్వమన్నాను. 'నీ మొగుడు మనల్ని అమ్మేస్తాడే పిచ్చిదానా' అన్నారు నాన్న. నాకు ఒళ్ళు మండింది. 'నువ్వెవర్నీ నమ్మవు, అందుకే ఒంటరిగా పోతావు' అన్నాను. ఎంత మాటో చూడండి. నా నోటికి తాళం పడిపోయినా బాగుండేది."

ఇన్‌స్పెక్టర్ మంచినీళ్ళ గ్లాసు ఆవిడ వైపు జరిపాడు.

"రోజూ మధ్యాహ్నం గుండె మాత్ర నేనే ఇస్తాను. ఆ రోజు కోపంలో నేను పైకి వెళ్ళలేదు. మావారి చేతిలో పెట్టి, 'నువ్వే ఇచ్చెయ్యి, నాకు ఆయన మొహం చూడాలని లేదు' అన్నాను. గదిలోకెళ్ళి తలుపేసుకుని ఏడుస్తూ పడుకున్నాను, సాయంత్రం దాకా లేవలేదు. ఇప్పుడు కేసు చూడటానికి దిగిన ఆ రాజధాని ఆఫీసరు నేనే మాత్ర ఎగ్గొట్టానంటున్నాడు. కాదని ఎలా చెప్పను? ఇవ్వలేదుగా నేను!"

జేబులో ఫోన్ మోగింది. ఇన్‌స్పెక్టర్ తీసి, "నేనే. హెడ్డు కానిస్టేబుల్ని గేటు దగ్గర్నుంచి కదలొద్దను. నా మాట లేకుండా ఈవిడ్ని ఎవరూ బయటికి తీసుకెళ్ళకూడదు. ఎవరడిగినా సరే," అని టక్కున పెట్టేశాడు.

అంత దుఃఖంలోనూ ఆవిడ పెదవి కాస్త వంకర తిరిగింది. "అవతలివాళ్ళని 'సరే' అననివ్వరా?"

"మా ఆవిడా అదే అంటుంది. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఫోన్లో తనచేత ఒక్క 'ఊ' కూడా కొట్టించుకోలేదట నేను." లేచి నిలబడ్డాడు. "ఒక్కటి చెప్పండి. పొద్దున గొడవలో నాన్నగారి గొంతు ఎలా ఉంది?"

"ఎలా ఉండటమేంటి? ఖంగుమంది. తోటలో పనిచేసుకునేవాళ్ళు పని ఆపి విన్నారు."

ఇన్‌స్పెక్టర్ టీవీవాళ్ళ దగ్గర తెచ్చుకున్న రికార్డు పెట్టాడు. 'నా మాటగా చెబుతున్నాను...' గొంతు పెద్దాయనదే. ఆ విరుపు, ఆ సాగదీత, అన్నీ ఆయనవే. కానీ అడుగున గరగరలాడే బొంగురు. ఎన్నికల చివర్లో వీధుల్లో తిరిగిన వ్యాన్ల మీద అచ్చం ఈ బొంగురే వినిపించేది. ప్రచారం అయిపోయి మూడు వారాలు దాటింది కదా, ఈ బొంగురు మళ్ళీ ఎక్కడ్నుంచి వచ్చిందో!

"పదండి, పై గది చూద్దాం," అన్నాడు.

*

పెద్దాయన గదిలో పెద్ద ఆడంబరమేమీ లేదు. బల్ల, దాని మీద ఫోను, పడమటి కిటికీకి ఎదురుగా మెత్తటి కుర్చీ. వెనక తోటలోంచి పైకి రావడానికి విడిగా మెట్లున్నాయి. కార్యకర్తలు ఇంట్లో వాళ్ళని ఇబ్బంది పెట్టకుండా ఆ దారినే వచ్చి పోయేవారట.

ఇన్‌స్పెక్టర్ కిటికీ తెర దగ్గర నిలబడి దాన్ని మొత్తం లాగి చూశాడు. నీలంరంగు గుడ్డ ఎండకి వెలిసి తెల్లబడింది. ఒక మూల, ఒక మడత అని కాదు, ఈ చివర్నుంచి ఆ చివర దాకా సమానంగా వెలిసింది. కుర్చీ గుడ్డ మాత్రం కొన్ననాటి ఎరుపుతో అలాగే ఉంది.

"రోజూ లాగేవారా ఇది?"

"మూడయ్యేసరికి లాగాల్సిందే," అంది కూతురు గుమ్మంలో నిలబడి. లోపలికి అడుగుపెట్టలేకపోతోంది. "మొహం మీద ఎండ పడితే తలనొప్పి ఆయనకి. మేం ఎవరమైనా మర్చిపోతే కింద దాకా కేకలే."

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి ఫొటో తీశాడు. శవాన్ని చూసిన వెంటనే స్టేషన్ వాళ్ళు తీసింది. కుర్చీలో పెద్దాయన కిటికీ వైపు తిరిగి ఉన్నాడు. తెర రెండు పక్కలకీ పూర్తిగా తీసి ఉంది.

"ఇంకా కర్టెన్లు కొలుస్తూనే ఉన్నారా?"

వెనక మెట్ల మీంచి రాజధాని అధికారి వచ్చాడు. చొక్కా మీద ముడత ఉండదు, మొహం మీదా ఉండదు. స్టేషన్లో వాళ్ళు చాటుగా ఇస్త్రీ దొర అని పిలుచుకుంటారు. ఆయన్ని చూడగానే కూతురు కిందికి వెళ్ళిపోయింది.

"మనకి చేతనైంది చేస్తున్నామండీ," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నేను తేల్చేశాను. నాలుగింటికి మనిషి మాట్లాడాడు, చీకటి పడేసరికి పోయాడు. ఆ మధ్యలో ఇంట్లో ఉన్నది కూతురు. నాలుగున్నర నుంచీ అల్లుడు పార్టీ ఆఫీసులో ఉన్నాడు, యాభైమంది చూశారు. సాయంత్రంలోగా ఆవిడ్ని నాకు అప్పగించండి."

"నాలుగున్నరకి ముందు అల్లుడు ఎక్కడున్నాడు?"

"ఎక్కడుంటే ఏం? అప్పటికి పెద్దాయన బతికే ఉన్నాడుగా!"

"అదే నేనూ అడుగుతున్నా. ఉన్నాడా అని." ఇన్‌స్పెక్టర్ ఫొటో బల్ల మీద పెట్టాడు. "మూడింటికి తెర లాగని రోజు లేదు ఈయనకి. నాలుగింటికి ఇక్కడ కూర్చుని ఫోన్ మాట్లాడిన మనిషి కళ్ళల్లోకి ఎండ కొడుతుంటే చెయ్యి చాపి తెర లాక్కోలేదా?"

"మబ్బు పట్టిందేమో."

"శుక్రవారం మబ్బా? నా చొక్కా వీపుకి అతుక్కుపోయిందండీ ఆ రోజు. మీకు చెమట పట్టదు గాబట్టి తెలియదు."

ఇస్త్రీ దొర మొహంలో మొట్టమొదటి ముడత పడింది.

"డాక్టరు సాయంత్రం పోయాడని రాశాడు."

"పొద్దున్నే కలిశాను డాక్టర్ని. శవం బిగుసుకున్న తీరు చూస్తే మధ్యాహ్నమే పోయాడనిపించిందట. 'నాలుగింటికి ఆయన మాట దేశమంతా విన్నాక, అంతకుముందే పోయాడని నేనెలా రాయను, నన్ను పిచ్చివాడంటారు' అన్నాడు. ఒక్క ఫోను చుట్టూ అందరూ లెక్కలు సర్దేసుకున్నారు. ఇంకో సంగతి. పొద్దున కూతురితో ఖంగుమని అరిచిన గొంతు సాయంత్రానికి బొంగురెలా పోయింది?"

"అరిచాడు కాబట్టే పోయింది! ఇంత చిన్న విషయం నేను చెప్పాలా?" ఇస్త్రీ దొర దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "చూడండీ, ఆ ఫోన్ అబద్ధమంటే ఏమవుతుందో ఆలోచించారా? సభ్యులు 'మా నాయకుడి ఆఖరి మాట' అంటూ సర్కారుని అంటిపెట్టుకుని ఉన్నారు. అది కాదని తేలిన మర్నాడు ప్రధాని ఉండడు. మళ్ళీ దేశమంతా ఎన్నికలు. ఒక కర్టెన్ కోసం ఇంత చేస్తారా మీరు?"

"కర్టెన్ కోసం కాదండీ. అనని మాటకి తిట్లు తిన్నాడు మనిషి. నేనూ తిట్టాను."

"మీ ఇష్టం. సాయంత్రం దాకానే మీ టైము." ఫోన్ చేసుకోవాలంటూ ఇస్త్రీ దొర వచ్చిన మెట్లే దిగి వెళ్ళిపోయాడు.

కిందికొచ్చి ఇన్‌స్పెక్టర్ కూతుర్ని ఆఖరి ప్రశ్న అడిగాడు. ప్రచారం చివరి వారం అంత బొంగురు గొంతుతో పెద్దాయన ఎలా నెట్టుకొచ్చారని.

ఆవిడ వింతగా చూసింది. "నెట్టుకురావడమా? ఆ వారం నాన్నకి మాటే పెగల్లేదు. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తూ ఇంట్లోనే ఉన్నారు. వ్యాన్లలో రికార్డు చేసి వేసిన మాటలు, రేడియో అని పిలుస్తారే, అతనివి. గొంతులు అనుకరిస్తాడు. మావారే మాట్లాడి పెట్టారు." చెబుతూ చెబుతూ ఆవిడ ఆగిపోయింది. "మావారే," అంది మళ్ళీ, తనలో తాను.

"మీరు ఇల్లు కదలకండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నేను చెప్పేదాకా ఎవరు పిలిచినా వెళ్ళకండి. మీవాళ్ళయినా సరే."

"మీరు చెబితేనే కదులుతాను," అంది ఆవిడ. ఆ ఇంట్లో ఆవిడ నమ్మగలిగిన మాట ఇంకొకటి మిగల్లేదు మరి.

*

రేడియో అనే పేరు అతనికి ఎవరు పెట్టారో గానీ సరిగ్గా సరిపోయింది. ఒక్క నోట్లో నూరు గొంతులు. సబ్బుల ప్రకటనలు, పిల్లల బొమ్మల కథలు, ఎన్నికలొస్తే నాయకులు. గోడలకి పాత పరుపులు కొట్టిన ఇరుకు గది అతని రికార్డింగ్ గది. ఇన్‌స్పెక్టర్ వెళ్ళేసరికి సూట్‌కేసు మూత పడక దాని మీద కూర్చుని నొక్కుతున్నాడు.

"ఎటయ్యా ప్రయాణం?"

రేడియో లేచాడు. మూత దభీమని తెరుచుకుంది, చొక్కాలన్నీ బయటపడ్డాయి. అతను వాటిని సర్దడానికి కూడా ప్రయత్నించలేదు.

"మీరొస్తారని తెలుసు సార్. రాకపోతే బాగుండునని ఒకపక్క, వస్తే బాగుండునని ఒకపక్క."

"వచ్చానుగా. చెప్పు. శుక్రవారం నాలుగింటికి ఎక్కడున్నావు?"

రేడియో కింద కూర్చున్నాడు. ఇప్పుడు మాట్లాడుతున్నది అతని సొంత గొంతు. నీరసంగా, ఏ ప్రత్యేకతా లేకుండా ఉంది.

"అల్లుడుగారు కారు పంపించారు. 'మావయ్యగారికి మళ్ళీ గొంతు పోయింది, ముఖ్యమైన మాట చెప్పాలి, ఆయన చెప్పమన్నదే నువ్వు చెప్పు' అన్నారు. ప్రచారంలో చేసిందే కదా అనుకున్నాను. వెనక మెట్ల మీంచి తీసుకెళ్ళారు. పెద్దాయన కుర్చీలో కిటికీ వైపు తిరిగి ఉన్నారు. 'ఇప్పుడే కునుకు పట్టింది, చప్పుడు చెయ్యకు' అన్నారు అల్లుడుగారు."

ఇన్‌స్పెక్టర్ గోడకి ఆనుకున్నాడు.

"ఆయన వెనక నిలబడి ఆయన గొంతుతో ఆయన మనుషులతో మాట్లాడాను సార్. మెల్లగా మాట్లాడాను. లేస్తారేమోనని గుండె దడదడలాడింది. ఎండ తిన్నగా మొహం మీద పడుతోంది. అయ్యో పాపం, తెర లాగుదామని వెళ్ళబోతే అల్లుడుగారు చెయ్యి పట్టుకుని ఆపేశారు. 'ఏదీ ముట్టుకోకు' అన్నారు. అంత ఎండ పడుతున్నా కదలడేమిటీ మనిషి అనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను!" అతను మొహం చేతుల్లో దాచుకున్నాడు. "లేస్తారేమోనని భయపడ్డాను సార్. లేచి ఉంటే ఎంత బాగుండేది. లేచి నన్ను చెంప మీద కొట్టి ఉంటే ఎంత బాగుండేది."

"బొంగురు ఎందుకు పెట్టావు?"

"నేను నేర్చుకున్నదే ఆ గొంతు సార్. ప్రచారం సభల్లో, అలిసిపోయి ఉన్నప్పుడు విని పట్టుకున్నాను. జనం నమ్మాలంటే బొంగురు ఉండాలని నేనే ఇంకాస్త పెంచాను. ఇంట్లో ఎలా మాట్లాడతారో నాకేం తెలుసు? నన్ను ఆయన ఏనాడూ ఇంటికి పిలవలేదు, మాట్లాడలేదు. చనిపోయాకే కదా ఆ గది చూశాను." ముక్కు తుడుచుకున్నాడు. "రాత్రి టీవీలో చూశాను. మా వీధిలో అందరూ ఆయన్ని తిడుతున్నారు. కిటికీలోంచి అరవాలనిపించింది, అది నేను, నన్ను తిట్టండి అని. నోరు రాలేదు. నూరు గొంతులున్నాయి గానీ ఆ ఒక్క మాటకి ఒక్కటీ పనికిరాలేదు."

ఇన్‌స్పెక్టర్‌కి అతన్ని లాగి ఒక్కటివ్వాలని ఉంది, భుజం మీద చెయ్యి వెయ్యాలనీ ఉంది. రెండూ చెయ్యలేదు. మధ్యాహ్నం ఇవ్వాల్సిన మాత్ర ఎవరి జేబులో ఉండిపోయిందో ఇక అడగక్కర్లేదు. పెద్దాయన కూతురితో ఆఖరిగా చెప్పిన మాట, అల్లుడు అమ్మేస్తాడన్నది, అక్షరాలా నిజమైంది, ఆయన కళ్ళు మూసుకున్నాక.

"ఇదంతా కోర్టులో చెబుతావా?"

"చెబుతాను సార్. కానీ..." రేడియో ఆగాడు. "ఇంకోటుంది."

"ఏంటి?"

"నిన్న అల్లుడుగారు మళ్ళీ వచ్చారు. ఇంకో గొంతు కావాలన్నారు. నాలుగే నాలుగు మాటలు. కుదరదన్నాను. అయితే పెద్దాయన గొంతు సంగతి బయటపెట్టి నన్నే జైలుకి పంపిస్తానన్నారు. చేసిచ్చాను. టీవీవాళ్ళతో మాట్లాడింది చూసి నేర్చుకున్నాను."

"ఎవరి గొంతు?"

రేడియో బల్ల మీదున్న రికార్డింగ్ పెట్టె మీట నొక్కాడు.

'నేనే. అమ్మాయిగారిని వెనక గేటు దగ్గరికి తీసుకురా. కారు వస్తుంది, ఎక్కించు. ఎవరితోనూ అనకు.' టక్.

ఇన్‌స్పెక్టర్ తన గొంతు తానే విన్నాడు. ఆ తొందర, ఆ విసురు, ఆఖర్న ఆ టక్కు కూడా తనదే.

"ఫోన్లో ఇది వేస్తే అవతలివాళ్ళు తిరిగి ఏదో ఒకటి అడుగుతారు కదా, దొరికిపోతారు అన్నాను సార్," అన్నాడు రేడియో. "'ఆయన ఎవర్నీ అడగనివ్వడు, చెప్పేసి పెట్టేస్తాడు, అది స్టేషన్ అంతటికీ తెలుసు' అన్నారు."

ఇన్‌స్పెక్టర్ అప్పటికే హెడ్డు నంబరు నొక్కుతున్నాడు. అవతల ఎత్తగానే, ముప్ఫయ్యేళ్ళలో మొదటిసారి, ఏమీ చెప్పకుండా ఆగాడు.

"సార్!" హెడ్డు గొంతు హుషారుగా ఉంది. "మీరు చెప్పినట్టే చేశాను సార్. ఇప్పుడే ఎక్కించి పంపించాను. ఎక్కడికని అడగబోయాను గానీ మీరు పెట్టేశారు."

"కారులో ఎవరున్నారు?"

"అల్లుడుగారే వచ్చారు సార్, స్వయంగా. ఆయన్ని చూసి ఆవిడ కాస్త వెనకాడింది. 'ఇన్‌స్పెక్టర్ గారే పంపమన్నారమ్మా' అన్నాను. అప్పుడు ఎక్కింది."